చెత్త కాటా, ఇంకని గుంత: 214 ఇళ్ల ఊరి పారిశుధ్య పని డైరీ

ఊరు పల్నాడు నల్లరేగడిలో ఉంది. 214 ఇళ్లు, 780 మంది జనం. 78 ఇళ్లలో గేదెలున్నాయి. మూడు బజార్లు, రెండు పక్కలా సైడు కాలువలు, ఊరి చివర కుంట. ఉపాధి హామీ నిధులతో కట్టిన చెత్త షెడ్డు, రెండు మూడుచక్రాల రిక్షాలు, ముగ్గురు పారిశుధ్య కార్మికులు ముందు నుంచే ఉన్నారు. పని మొదలుపెట్టేనాటికి షెడ్డుకు తాళం వేసి ఉంది. ఒక రిక్షాకు టైర్లు లేవు. ఊరి చెత్తంతా కుంట గట్టు మీద పడుతోంది.

ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది నెలల లెక్కలివి. నల్లరేగడి ఊళ్లవాళ్లు నాలుగో దశను ముందుగా చదవండి, ఎక్కువ నష్టపోయింది అక్కడే. ఇసుక నేల, ఎర్రనేల ఊళ్లకు ఆ దశలోని అంకెలు పనికిరావు, కొలిచే పద్ధతి మాత్రం పనికొస్తుంది.

దశ 1: కాటా (ఏప్రిల్)

తలకు ఇంత అని కాగితం మీద లెక్క వేస్తే రోజుకు 230 కిలోల పైనే తేలింది. ఆ అంకెను పక్కన పెట్టి 20 ఇళ్లలో ఏడు రోజులు కాటా వేశాం.

కావలసినవి: 50 కిలోల వేలాడే కాటా ఒకటి, దాన్ని తగిలించడానికి మూడు కాళ్ల వెదురు స్టాండు, ఇంటికి మూడు ఖాళీ మిరప టిక్కీలు (మిరపకాయల గోనె సంచులు), రంగు, బ్రష్షు, గళ్ల పుస్తకం.

1. ఇళ్లను వరసగా తీసుకోవద్దు. గేదెలున్నవి, లేనివి విడగొట్టి, మూడు బజార్ల నుంచీ ఎంచండి. మేం తీసుకున్నవి గేదెలున్నవి 9, లేనివి 11.
2. టిక్కీ మీద ఇంటి నంబరు, పక్కన తడి, పొడి, ఊడ్పు అని రాయండి.
3. ఖాళీ టిక్కీని రోజూ తూచండి. తడిసిన టిక్కీ బరువు ఎండిన దానికి రెట్టింపు ఉంటుంది. ఈ సంగతి పట్టక మొదటి రెండు రోజుల లెక్క కొట్టేశాం.
4. ఆదివారం, శుక్రవారం తప్పక ఉండాలి. ఆదివారం కోడికూర, శుక్రవారం ఇల్లు కడగడం. ఈ రెండూ లేని కాటా తక్కువ చూపిస్తుంది.

ఏడు రోజుల మొత్తం 124.6 కిలోలు. రోజుకు ఇంటికి ఇలా వచ్చింది:

- తడి చెత్త, గేదెలున్న ఇల్లు: 0.20 కిలోలు
- తడి చెత్త, గేదెలు లేని ఇల్లు: 0.60 కిలోలు
- పొడి చెత్త: 0.12 కిలోలు
- వాకిలి ఊడ్పు మట్టి, బూడిద, ఎండాకు: 0.35 కిలోలు

కూరల తొక్కు, కడుగునీళ్లు, మిగిలిన అన్నం కుడితి తొట్టిలోకి పోతాయి కాబట్టి గేదెలున్న ఇంట్లో తడి చెత్త మూడో వంతే. ఊరు మొత్తానికి లెక్కిస్తే తడి 97 కిలోలు, పొడి 26, ఊడ్పు మట్టి 75. అన్నీ కలిపి రోజుకు 198 కిలోలు. అందులో మూడో వంతుకు పైగా మట్టే. దాన్ని రిక్షా ఎక్కించి షెడ్డుకు మోయడం కార్మికుల నడుములు విరగ్గొట్టడం తప్ప ఇంకేమీ కాదు.

కొట్లు విడిగా తూచాం. టిఫిన్ కొట్లు రెండూ కలిపి రోజుకు 14 కిలోలు, బడిలో మధ్యాహ్న భోజనం 5. చికెన్ కొట్టు మామూలు రోజుల్లో 6, ఆదివారం 38.

దశ 2: ఇంటి నుంచి షెడ్డుకు (మే)

ఇంటికి ఆకుపచ్చ, నీలం బుట్టలు ఇచ్చాం. మూడు వారాల తర్వాత 60 ఇళ్లు తిరిగి చూస్తే 41 ఇళ్లలో నీలం బుట్ట చెత్తకు వాడటం లేదు. ఒకచోట బియ్యం, ఒకచోట కారం, మరోచోట ఉతికే బట్టలు. మూత గట్టిగా ఉన్న కొత్త బుట్ట ఇంట్లో ఉంటే అందులో చెత్త వేయడానికి ఎవరికీ మనసు రాదు. తప్పు బుట్ట ఇచ్చిన మాదే.

మార్చింది: పొడి చెత్తకు బుట్ట తీసేశాం. గోడకు మేకు కొట్టి ఖాళీ యూరియా సంచి తగిలించాం. దాన్ని వారానికి రెండుసార్లే, మంగళ, శనివారాల్లో ఎత్తుతాం. తడి చెత్త రోజూ. ఊడ్పు మట్టి బండికి ఎక్కదు. ఇంటి ముందు చెట్టు చుట్టూ పాది చేసి అందులో వేయించాం, చెట్టు లేని ఇళ్లకు వేప, కానుగ మొక్కలు ఇచ్చాం. ఈ ఒక్క మార్పుతో రోజుకు 75 కిలోల మోత తగ్గింది.

రిక్షాలో మార్పులు:

1. తొట్టి మధ్యలో ప్లైవుడ్డు పలక పెట్టాం. నెలకే ఉబ్బిపోయింది. దాని బదులు పాత రేకుల షెడ్డు నుంచి తీసిన ఇనుప రేకు, అంచు మడిచి బిగించాం.
2. తుమ్మముళ్లకు వారంలో నాలుగు పంక్చర్లు. గాలి టైర్లు తీసేసి గట్టి రబ్బరు టైర్లు వేశాం. తొక్కడం కొంచెం బరువైంది. ఆ తర్వాత బండి ఆగింది లేదు.
3. అడుగున నీరు కారే చోట కుళాయి బిగించి కింద డబ్బా పెట్టాం. అంతకుముందు బజారంతా చారలు పడేవి.

బండి వేళ కూడా మార్చాల్సి వచ్చింది. మొదట 6:30కి బయల్దేరేది. కూలిపనికి పోయే ఇళ్లకు అప్పటికే తాళాలు. 5:45కు మార్చి ముందు ఆ బజారుకే పంపాం.

వేరు చేసింది సరిగ్గా ఉందో లేదో తెలియడానికి ఒకటే కొలత పెట్టుకున్నాం. వారానికొకసారి ఒక బండి తడి చెత్తను టార్పాలిన్ మీద పరిచి, అందులో ప్లాస్టిక్కు, గాజు, బట్టపేలికలు ఏరి తూచాలి. మొదటి వారం 31 శాతం. నాలుగో వారం 17. పదో వారం 6. తగ్గింది మైకులో చెప్పినందుకు కాదు. కలిపి ఇచ్చిన బుట్టను కార్మికుడు అక్కడే గడప ముందు, ఇంటివాళ్లు చూస్తుండగా వేరు చేసి తీసుకోవడం మొదలుపెట్టాక తగ్గింది. ఆ పనికి ఇంటికి అర నిమిషం పడుతుంది. షెడ్డులో అయితే ఆ చెత్త వేరు చేయడానికి ముగ్గురికి రెండు గంటలు పట్టేది, చేతులకు గాజుపెంకులు గుచ్చుకునేవి.

ఈ దశ చివరికి: ఇళ్లు 214లో 188 వేరు చేసి ఇస్తున్నాయి. బండికెక్కే చెత్త రోజుకు 198 నుంచి 90 కిలోల లోపుకు తగ్గింది.

దశ 3: ఎరువు (మే నుంచి నవంబరు)

షెడ్డులో వానపాముల ఎరువుకు నాలుగు బెడ్లు (తొట్లు) ఉన్నాయి. ఒక్కొక్కటి 3 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 60 సెం.మీ. లోతు.

చెడింది ఒకటి. మే నెలలో పచ్చి తడి చెత్తను నేరుగా బెడ్డులో పోసి 6 కిలోల వానపాములు వదిలాం. మూడో రోజుకు బెడ్డు మధ్యలో 52 డిగ్రీలు. వానపాములు 35 దాటితే బతకవు. కొన్ని గోడలెక్కి నేల మీద ఎండిపోయాయి, మిగతావి లోపలే కుళ్లిపోయాయి. పచ్చి చెత్త ముందు తప్పకుండా వేడెక్కుతుంది. ఆ వేడి మంచిదే, రోగక్రిములనూ కలుపు విత్తనాలనూ చంపుతుంది. ఆ వేడి తగ్గాకే పాములు దిగాలి. దానికి తోడు మన ఎండలు. రెంటచింతల పేరు ప్రతి వేసవిలో పేపర్లో వచ్చే ప్రాంతంలో రేకుల షెడ్డు కింద వానపాములు పెంచేటప్పుడు పైకప్పు గురించే ముందు ఆలోచించాలి.

చెడింది రెండు. చికెన్ కొట్టు వ్యర్థం కుప్పలో కలిపాం. రెండో రోజుకు పురుగు, మూడో రోజుకు ఊరి కుక్కలన్నీ షెడ్డు దగ్గరే.

చెడింది మూడు. మిరప తొడిమలు. కల్లాల్లో బస్తాలకొద్దీ వస్తాయి, ఉచితం. పొడి సరుకుగా కలిపితే ఆ బెడ్డులో పాములన్నీ తొడిమలు లేని మూలకు చేరిపోయాయి.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి:

1. వారం చెత్త ఒక కుప్ప. అడుగున 1.5 మీటర్లు చదరం, ఎత్తు 1.2 మీటర్లు. 90 సెం.మీ. కంటే తక్కువ ఎత్తు వేస్తే కుప్ప వేడెక్కదు.
2. అడుగున ఒక జాన మందాన కంది కట్టె, గాలి ఆడటానికి. దానిపై 15 సెం.మీ. తడి చెత్త, 5 సెం.మీ. ఎండుసరుకు, మళ్లీ తడి. ఎండుసరుకు అంటే వేరుశనగ పొట్టు, నరికిన జొన్న చొప్ప, వేపాకు.
3. ప్రతి 100 కిలోల తడి చెత్తకు 10 కిలోల పేడ 20 లీటర్ల నీళ్లలో కలిపి పొరపొరకూ చల్లాలి.
4. గుప్పెడు తీసి పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు బొట్లు రావాలి. ధార కారితే ఎండుసరుకు కలపండి, పొడిగా రాలితే నీళ్లు చల్లండి.
5. నాలుగు అడుగుల ఇనుప చువ్వ మధ్యలో గుచ్చి ఐదు నిమిషాల తర్వాత తీయండి. మూడో రోజుకు చువ్వను పిడికిట్లో పట్టుకోలేనంత వేడి ఉండాలి. మా థర్మామీటరులో అది 55 నుంచి 60 మధ్య.
6. 5, 10, 15, 20వ రోజుల్లో తిరగేయాలి. అంచున ఉన్నది మధ్యకు రావాలి.
7. 25వ రోజుకు కుప్ప సగానికి దిగుతుంది, చువ్వ గోరువెచ్చగా వస్తుంది. అప్పుడు బెడ్డులోకి.

నాలుగు బెడ్లు, బెడ్డుకు రెండు కుప్పలు. అంటే ఎనిమిది వారాల సరుకు పడుతుంది, పాముల పని పూర్తవడానికీ అంతే పడుతుంది. మొదటి బెడ్డు ఖాళీ అయ్యే వారానికి తొమ్మిదో కుప్ప తయారు. ఈ లెక్క కుదరని చోట బెడ్లు పెంచండి, రోజులు తగ్గించొద్దు.

రెండోసారి బెడ్డుకు 2 కిలోల చొప్పున 8 కిలోల పాములు వదిలాం. రేకు కింద తాటాకు పందిరి వేసి, బెడ్డు మీద తడి గోనె పట్టా కప్పి, ఎండాకాలం రోజుకు రెండుసార్లు తడిపాం. చీమలకు బెడ్డు చుట్టూ 8 సెం.మీ. కాలువ కట్టి నీళ్లు నిలిపాం. ఆ నీళ్లలో దోమపిల్లలు పడతాయి, వారానికొకసారి పూర్తిగా ఎండగట్టాలి. పందికొక్కులకు అడుగున ఇనుప జాలీ.

ఎరువు తీసే ఐదు రోజుల ముందు నీళ్లు ఆపాలి. తర్వాత శంకువులా చిన్న కుప్పలు పోస్తే పాములు అడుగుకు దిగుతాయి. పైనుంచి తీసి 4 మి.మీ. జల్లెడ పట్టాలి. జల్లెడ మీద మిగిలిన దాన్లో కంది కట్టె ముక్కలు, మామిడి టెంకలు, షాంపూ ప్యాకెట్ల అంచులు కనిపిస్తాయి. ఆ అంచులు ఎన్ని ఉన్నాయో చూస్తే ఆ నెల గడప ముందు పని ఎలా జరిగిందో తెలిసిపోతుంది.

చికెన్ వ్యర్థానికి ఊరికి దూరంగా, మూతతో 1.2 మీటర్ల గుంత. 15 సెం.మీ. వ్యర్థం వేసిన ప్రతిసారీ పైన సున్నం, ఆపైన 30 సెం.మీ. మట్టి. సున్నానికి మనకు కరువు లేదు, పిడుగురాళ్ల పక్కనే ఉంది.

ఇప్పటిదాకా: జూన్ నుంచి ఆగస్టు దాకా షెడ్డుకు చేరిన తడి చెత్త 5,940 కిలోలు. దాని నుంచి నవంబరు ఆఖరుకు జల్లెడ పట్టిన ఎరువు 1,640 కిలోలు, అంటే నూటికి 28 కిలోలకు కొంచెం తక్కువ. ఏరి పారేసింది 410 కిలోలు.

రోజుకు 97 వస్తాయని కాటా చెబితే వచ్చింది 65. తేడా ఎక్కడికి పోయిందని ఇల్లిల్లూ అడిగాం. వేరు చేసిన తొక్కు శుభ్రంగా ఉండటంతో గేదెలు లేని ఇళ్లవాళ్లు పక్కింటి కుడితి తొట్టిలో వేస్తున్నారు. ఇంతకంటే మంచి దారి ఏ షెడ్డూ చూపించలేదు. ప్లాస్టిక్కు, బ్లేడు, సూది కలవకుండా చూడమని మాత్రం చెప్పాం, అవి గేదె కడుపులోకి పోతే గేదె దక్కదు.

దశ 4: ఇంకుడు గుంతలు (ఏప్రిల్ నుంచి జనవరి)

ఏప్రిల్‌లో మూడు చోట్ల అడుగు లోతు గుంట తీసి నీళ్లు పోసి చూశాం. 25 మి.మీ. దిగడానికి 4, 6, 5 నిమిషాలు. బ్రహ్మాండంగా ఇంకుతోందని రాసుకుని, వానలొచ్చేలోపు ఇళ్ల వాడుక నీళ్ల కోసం 26 గుంతలు తవ్వాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు. అడుగున పెద్ద రాళ్లు, మధ్యన 40 ఎం.ఎం. కంకర, పైన సన్న కంకర, మధ్యలో చిల్లుల కుండ.

ఆగస్టు ఆఖరుకు 26లో 19 పొంగాయి.

సెప్టెంబరులో అవే మూడు చోట్ల మళ్లీ కొలిస్తే 25 మి.మీ. దిగడానికి 70 నిమిషాలు, 85 నిమిషాలు, మూడో చోట రెండు గంటలైనా దిగలేదు. నేల మారలేదు, కాలం మారింది. ఎండాకాలం నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంటుంది. మా నీళ్లు మట్టిలోకి ఇంకలేదు, నెర్రెల్లోకి జారాయి. నాలుగు వానలు పడగానే మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుపోయాయి. నల్లరేగడి గుణం ప్రతి రైతుకూ తెలుసు. గుంత కొలిచేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

సరిగ్గా కొలిచే పద్ధతి:

1. తవ్వబోయే గుంత లోతు దాకా 30 సెం.మీ. వెడల్పు గుంట తీయండి. పలుగుతో నున్నగా అరిగిన గోడలను మేకుతో గీకండి, అడుగున రెండు వేళ్ల మందం సన్న కంకర వేయండి.
2. సాయంత్రం నిండా నీళ్లు పోసి, రాత్రంతా తగ్గినప్పుడల్లా నింపండి. నల్లరేగడికి ఇలా రెండు రాత్రులు నానబెట్టాలి.
3. పొద్దున 15 సెం.మీ. నీళ్లు ఉంచి, స్కేలు గుచ్చి అరగంటకొకసారి రాయండి.
4. 25 మి.మీ. దిగడానికి 30 నిమిషాలు దాటితే ఆ చోట ఇంకుడు గుంత వద్దు.

రెండో లెక్క కూడా ముందే వేయాల్సింది. ఐదుగురున్న ఇంట్లో బకెట్లు లెక్కపెడితే స్నానం, వంటింటి నీళ్లు రోజుకు 210 లీటర్లు. పొంగిన ఒక గుంతకు 24 గంటలు నీళ్లు ఆపి చూస్తే మట్టం 8 సెం.మీ. దిగింది. రాళ్ల మధ్య ఖాళీ సుమారు 40 శాతం కాబట్టి గుంత తాగింది 32 లీటర్లు. 210 ఎక్కడ, 32 ఎక్కడ.

ఆరు గుంతలు తవ్వి లోపల చూశాం. పైన కంకరంతా బూడిదరంగు జిగురు పట్టి, రాయికి రాయి అతుక్కుని పెళ్లలుగా లేచింది. పెళ్ల విరిస్తే లోపల మెతుకులు, అంట్లు తోమిన పీచు, గంజి గట్టిపడి తెల్లని పొర. పుల్లటి వాసన. జానెడు కింద రాళ్లు కడిగినట్టు శుభ్రంగా ఉన్నాయి. అంటే నేల మూసుకుపోక ముందే కొన్ని గుంతలకు నోరు మూసుకుపోయింది.

గుంతకు ముందు నూనె, మడ్డి ఆపే తొట్టి లేకపోవడమే కారణం. ఇప్పుడు పెడుతున్నది: 20 లీటర్ల పాత పెయింటు డబ్బా. నీళ్లు వచ్చే గొట్టం పైన, పోయే గొట్టం దానికి 5 సెం.మీ. కిందగా. పోయే గొట్టానికి టీ (T) ఆకారం ముక్క బిగించి దాని కాలు 15 సెం.మీ. కిందికి ముంచాలి. నూనె పైన, మడ్డి అడుగున ఉండిపోయి మధ్య నీళ్లే పోతాయి. వచ్చే చోట గుప్పెడు కొబ్బరి పీచు. పీచు వారానికొకసారి, మడ్డి పదిహేను రోజులకొకసారి తీసి పెంటదిబ్బలో వేయాలి. నెల దాటితే డబ్బా ఉన్నా లేనట్టే.

26 గుంతలను మూడు రకాలుగా మార్చాం:

పదకొండు చోట్ల నల్లమట్టి కింద 1.8 మీటర్లకే గరుసు (నీళ్లు ఇంకే గులకమట్టి) తగిలింది. అక్కడ గుంత అడుగు నుంచి చేతి బర్మాతో 150 మి.మీ. రంధ్రాలు రెండు, నేల మట్టం నుంచి 2.4 మీటర్ల దాకా దింపి 20 ఎం.ఎం. కంకర నింపాం. నిండు గుంత ఐదు గంటల్లో ఖాళీ అవుతోంది. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఈ దారిన నీళ్లు వడకట్టే మట్టిని తప్పించుకుని కిందికి పోతాయి. వానాకాలం తర్వాత పాత బావిలో నీళ్లు 7 మీటర్ల లోతున ఉన్నాయని చూసుకున్నాకే దింపాం. తాగునీటి బోరుకు 15 మీటర్ల లోపు ఎక్కడా చేయలేదు. మరుగుదొడ్డి నీళ్లు ఇందులోకి ఏ పరిస్థితిలోనూ రాకూడదు.

తొమ్మిది చోట్ల గరుసు తగల్లేదు, పెరడు ఉంది. అక్కడ వంటింటి నీళ్లు, స్నానం నీళ్లు విడగొట్టాం. వంటింటి నీళ్లు 65 లీటర్లు. వాటికి 6 మీటర్ల పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. లోతు చాళ్లు రెండు, ఇటుక ముక్కలతో నింపి, గట్టున అరటి, మెట్టతామర. ఒక్కో చాలుకు అడుగు, పక్కలు కలిపి 6.3 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 10 లీటర్ల లెక్కన 63 లీటర్లు, మిగతాది మొక్కలు తాగుతాయి. నాలుగు రోజులు ఒక చాలు, నాలుగు రోజులు రెండోది. ఆరబెట్టకపోతే చాలు కూడా జిగురు పడుతుంది. స్నానం నీళ్లు డబ్బా గుండా సైడు కాలువకు.

ఆరు గుంతలు పూడ్చేశాం. పెరడు లేదు, గరుసు లేదు. నీళ్లన్నీ డబ్బా గుండా కాలువకే పంపాం. కాలువ కుంటలో కలిసే చోట ముందు ఇనుప చువ్వల జాలీ, తర్వాత మడ్డి దిగే తొట్టి, తర్వాత మెట్టతామర మడి. జాలీ సందు మొదట 10 మి.మీ. పెడితే రోజూ మూసుకుపోయి బజారు మీదికి నీళ్లొచ్చాయి. 20 మి.మీ. చేశాక రెండు రోజులకొకసారి తీస్తే చాలుతోంది.

గుంత మూత అంచుల్లో చిటికెన వేలు పట్టే సందు ఉన్నా దోమకు చాలు. మూత చుట్టూ మట్టి మెత్తి, శుక్రవారం డ్రై డేకు (దోమలు పెరగకుండా నిల్వనీళ్లు పారబోసే రోజు) ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు ఇళ్లకొచ్చినప్పుడు దీన్నీ చూడమని అడిగాం.

ఇప్పటిదాకా: తవ్వినవి 26. బర్మా వేసినవి 11, చాళ్లుగా మార్చినవి 9, పూడ్చినవి 6. జనవరిలో చూస్తే 20లో 18 పనిచేస్తున్నాయి. ఆగిన రెండింట్లోనూ డబ్బా మడ్డి తీయలేదు.

దశ 5: పొడి చెత్త, మందు డబ్బాలు (జూన్ నుంచి)

రోజుకు 26 కిలోలు వస్తాయనుకుంటే 14 వచ్చాయి. అట్టలు, ఇనుము, సీసాలు ఇంటివాళ్లే పాత సామాన్లవాళ్లకు అమ్ముకుంటారు. అమ్ముడుపోనిదే సంచిలోకి వస్తుంది. కాబట్టి పొడి చెత్త అమ్మి కార్మికుల జీతం ఇవ్వొచ్చని ఎవరైనా చెబితే నమ్మి లెక్కలు కట్టొద్దు.

షెడ్డులో ఐదు అరలు: నీళ్ల సీసాలు, గట్టి ప్లాస్టిక్కు, పాల ప్యాకెట్లు, గాజు, చివరిది చిప్స్-షాంపూ ప్యాకెట్లు. పాల ప్యాకెట్లు కడిగి ఆరేస్తేనే కొంటారు. చివరి అర సరుకు ఎవరూ కొనరు. తడి లేకుండా మూటలు కట్టి నిల్వ చేస్తే సిమెంటు బట్టీల్లో ఇంధనంగా పోయే దారి ఉంది, కానీ లోడు నిండాలి. ఏడు నెలల్లో మాకు 600 కిలోలు కూడా కాలేదు. నాలుగైదు పంచాయతీలు కలిస్తేనే బండి కదులుతుంది.

సెప్టెంబరులో ఒక శనివారం సంచుల్లో 63 పురుగుమందు డబ్బాలొచ్చాయి. పత్తికి, మిరపకు మందు కొట్టే రోజులు. సగం డబ్బాల్లో అడుగున మందు ఉంది. ఏరుతున్న ఇద్దరికి కళ్లు మండి, తల తిరిగింది. ఆ రోజు పని ఆపి ఆసుపత్రికి పంపాం. చేతులకు బట్ట తొడుగులున్నాయి, అవి మందు పీల్చుకుని చర్మానికే అంటించాయి. అప్పటి నుంచి నైట్రైల్ (మందు పీల్చని రబ్బరు) తొడుగులు. ఇంటి సంచిలో మందు డబ్బా కనిపిస్తే బండి ఎక్కదు.

చేనులోనే చేయాల్సింది:

1. డబ్బా ఖాళీ అయ్యాక అర నిమిషం పాటు బోర్లించి చివరి బొట్టు దాకా ట్యాంకులోకి వంచాలి.
2. పావు వంతు నీళ్లు పోసి, మూత బిగించి, బాగా ఊపి ఆ నీళ్లు స్ప్రేయరు ట్యాంకులోనే పోయాలి. ఇలా మూడుసార్లు. కాలువలో, బోరు దగ్గర కడగొద్దు.
3. అడుగున మూడు చోట్ల చిల్లు పొడవాలి. చిల్లు లేని డబ్బా ఇంటికొస్తే నూనెకో నీళ్లకో వాడతారు.
4. ఎరువుల కొట్టు ముందు తాళం వేసిన డ్రమ్ములో వేయాలి.

డ్రమ్ముకు మొదట మూత పెద్దది పెట్టాం, పిల్లలు డబ్బాలు తీసుకుపోయారు. ఇప్పుడు చేయి పట్టని గొట్టం నోరు. నాలుగు నెలల్లో 412 డబ్బాలు, చిల్లు పొడిచినవి 287.

డైపర్లు, ప్యాడ్లకు కాగితంలో చుట్టి ఎర్ర గీత పెట్టి విడిగా ఇమ్మన్నాం. వారానికి సుమారు 190. బడిలో ఉన్న చిన్న బట్టీలో కాల్చి చూస్తే తడి డైపరు కాలదు, తరగతి గదుల్లోకి పొగ వచ్చింది, రెండో రోజే ఆపేశాం. 90 సెం.మీ. వెడల్పు సిమెంటు వరలు నాలుగు దింపి, అడుగు మూసిన గుంత కడితే ఆరు వారాలకే నిండింది. రెండోది కట్టాం, అదీ నిండుతుంది. దీనికి మాకు ఇంకా సరైన దారి దొరకలేదు. పగలు బట్ట లంగోటా, రాత్రికే డైపరు అని అంగన్వాడీ తల్లులతో మాట్లాడాక వారానికి 150కి తగ్గింది.

దశ 6: మరుగుదొడ్డి గుంతలు, ట్యాంకు నీళ్లు (అక్టోబరు నుంచి)

రెండు గుంతల మరుగుదొడ్లు 171. ఏ గుంతకు పోవాలో దారి మార్చే మధ్య పెట్టె మూతలు తీసి చూస్తే 118 ఇళ్లలో రెండు దారులూ తెరిచే ఉన్నాయి. అలా ఉంటే రెండూ ఒకేసారి నిండుతాయి. ఒకటి నిండాక రెండోదానికి మార్చి, మొదటిదాన్ని ఏడాదిన్నర కదపకుండా ఉంచితేనే లోపలిది వాసన లేని పొడి ఎరువవుతుంది. ఒక దారికి ఇటుక ముక్క, పాలిథిన్, బంకమట్టితో బిరడా వేశాం. సిమెంటు వేయొద్దు, మార్చే రోజున పగలగొట్టాల్సి వస్తుంది. మూత మీద మార్చిన నెల, సంవత్సరం రంగుతో రాశాం. 118లో 104 పూర్తి.

మంచినీళ్ల ట్యాంకు 40,000 లీటర్లు. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే 80 గ్రాములు. 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడరైతే 320 గ్రాములు. ఆ కొలతే వేసినా చివరి కుళాయి నీళ్లలో ఆర్థోటాలిడిన్ (క్లోరిన్ ఉంటే పసుపు రంగు చూపే మందు) చుక్కలకు రంగు రాలేదు. కారణాలు రెండు. పౌడరు బస్తా ఎనిమిది నెలల కిందట విప్పింది, బలం పోయింది. రెండోది, పడమటి బజారులో వాల్వు గుంత నిండా మురుగు, అందులో మంచినీళ్ల గొట్టం జాయింటు కారుతోంది. నీళ్లు వదిలిన వేళ బయటికి కారేది, ఆపిన వేళ ఆ మురుగునే లోపలికి లాక్కునేది. జాయింటు మార్చి, గుంత గోడలు కాలువ కంటే అడుగు ఎత్తు లేపాం. పౌడరు చిన్న ప్యాకెట్లలో తెచ్చి గాలి తగలని డబ్బాలో ఉంచుతున్నాం. ప్లాస్టిక్కు బకెట్టులో ముద్దగా కలిపి, నీళ్లు పోసి అరగంట తేరనిచ్చి పై తేట మాత్రమే ట్యాంకులో పోయాలి. పొడిగా చల్లితే సున్నం అడుగున పేరుకుంటుంది. అరగంట ఆగాకే నీళ్లు వదలాలి. చివరి కుళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాములు తగ్గకూడదు. ఇప్పుడు రోజూ ఆ చివరి ఇంట్లోనే కొలిచి గోడ మీద రాస్తున్నాం.

జనవరి 31 నాటికి

- వేరు చేసి ఇచ్చే ఇళ్లు: 214లో 197
- తడి చెత్తలో కలిసే ప్లాస్టిక్కు, గాజు: 5 శాతం
- మందు డబ్బాలు: 412
- పనిచేస్తున్న గుంతలు, చాళ్లు: 20లో 18
- బిరడా వేయాల్సిన మరుగుదొడ్లు: 14
- కుంట గట్టు పాత చెత్త: తీయలేదు. వేసవిలో కుంట ఎండాక జల్లెడ పట్టాలి, ఈలోపు ఎవరూ నిప్పు పెట్టకుండా చూడాలి.

ఏప్రిల్‌లో అవే 20 ఇళ్లలో మళ్లీ ఏడు రోజుల కాటా. ఈసారి టిక్కీలు ఎండబెట్టి తీసుకెళ్లాలి.